అమ్మమ్మగారి పిల్లి పెరుగన్నంతోనే బతికిందా?

మొన్న మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగులో నీళ్ళ ట్యాంకరు బిల్లు దగ్గర మొదలైన మాట ఎటు తిరిగిందో తిరిగి పిల్లుల మీదకొచ్చింది. రెండో అంతస్తు ఆంటీ మెట్ల కింద ఒక స్టీలు పళ్ళెంలో రోజూ పిల్లులకి తిండి పెడతారు. చేపల పులుసు వండిన రోజున తలకాయలు, వండని రోజున పెరుగన్నం. వాసనొస్తోందని ఒకరు, చీమలు పడుతున్నాయని ఇంకొకరు. మధ్యలో నేను కల్పించుకుని, మనం తినేది పిల్లులకి సరిపడదండీ, వాటి మేత వాటికి వేరే ప్యాకెట్లలో దొరుకుతోంది కదా అన్నాను. మాస్టారు వెంటనే అందుకున్నారు.

"ఏటమ్మా ఈ ప్యాకెట్టు గోల? మా అమ్మమ్మగారి పిల్లి పెరుగన్నం తినే పద్నాలుగేళ్ళు బతికింది. దానికెవడు కొనిపెట్టాడు మేత?"

అందరూ నవ్వారు. ట్యాంకరు బిల్లు పాసైపోయింది, మెట్ల కింద పళ్ళెం అక్కడే ఉండిపోయింది. మాస్టారి ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. అలాంటి పిల్లుల్ని నేనూ చూశాను, మీరూ చూసే ఉంటారు. పప్పన్నం, నెయ్యన్నం, అడుగంటిన పాలు, ఏది పడేస్తే అది తిని గోడల మీద దర్జాగా తిరిగిన పిల్లులు. వాటికి లేని రోగాలు మన ఫ్లాట్లలో పిల్లులకే ఎందుకొస్తున్నాయి? ప్యాకెట్ల వల్లే వస్తున్నాయని మాస్టారి ఉద్దేశం. నా ఉద్దేశం వేరు.

గాదె కింద భోజనం

మాస్టారి అమ్మమ్మగారిది శ్రీకాకుళం వైపు పల్లె. పెంకుటిల్లు, పెరట్లో గడ్డివాము, ఇంట్లో ధాన్యం గాదె. అలాంటి ఇంట్లో పిల్లి ఉన్నది ఎలకల కోసం. పొద్దున్న వంటింటి గడప దగ్గర దానికి వేసిన పెరుగన్నం ముద్ద ఇంటిల్లిపాదికీ కనిపించింది. రాత్రి గాదె కింద అది చేసిన భోజనం ఎవరి కంటా పడలేదు. పద్నాలుగేళ్ళు బతికించింది ఆ రెండోదని నేనంటాను.

కొంచెం లెక్క చూద్దాం. నాలుగు కిలోల పిల్లికి రోజుకి సుమారు 200 నుంచి 250 కేలరీలు కావాలి. ఒక చిట్టెలకలో సుమారు 30 ఉంటాయి. ఏడెనిమిది చిట్టెలకలు దొరికితే ఆ రోజు గడిచిపోయినట్టే. పైగా పిల్లి మనలా మెత్తటి ముక్కలు ఏరుకుని తినదు. ఎముకలతో సహా నమిలేస్తుంది కాబట్టి ఉత్త మాంసంలో దొరకని కాల్షియం వచ్చేస్తుంది. కాలేయంలోంచి విటమిన్ ఏ, గుండెలోంచీ కండల్లోంచీ టారీన్ అనే తప్పనిసరి పోషకం. ఎలక ఒంట్లో మూడింట రెండు వంతులు నీరే కాబట్టి దాహం కూడా చాలావరకు అందులోనే తీరిపోతుంది. ఇన్ని అమరాక పొద్దున్న ఒక ముద్ద పెరుగన్నం తింటే ఏమవుతుంది? ఏమీ కాదు.

ఇప్పుడు మా వైజాగు ఎంవీపీ కాలనీలో నాలుగో అంతస్తుకి రండి. కిటికీలన్నిటికీ మెష్. బాల్కనీకి పావురాలు రాకుండా వల. ఆ ఇంట్లో పిల్లి బల్లిని చూడడమే పండగ. గాదె పోయింది, ఎలకలు పోయాయి, పెరుగన్నం ముద్ద ఒక్కటే మిగిలింది. అంతకుముందు పైపైన పడిన ఆ ముద్దే ఇప్పుడు రెండు పూటలా భోజనమైంది.

సీతమ్మధారలో మా పిన్ని వాళ్ళది ఇంకా పాత ఇల్లే. వెనక జామచెట్టు, బావి గట్టు. వాళ్ళింట్లో గుడ్డు కూడా వండరు. "మా పిల్లి కూడా శాకాహారేనే, పెరుగన్నం తప్ప ముట్టదు" అని పిన్ని గర్వంగా చెప్పేది. ఒకరోజు నేను వెళ్ళేసరికి గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకునే పట్టా మీద ఉడత తోక పడి ఉంది. తోక మాత్రమే. పిన్ని దాన్ని చీపురుతో పక్కకి నెట్టి, "కాకులు తెచ్చి పడేస్తున్నాయి" అంది. పిల్లి బావి గట్టు మీద కూర్చుని మూతి తుడుచుకుంటోంది. నేనేమీ అనలేదు.

తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ మనందరికీ తెలిసిందే. ఎలకల బాధ పడలేక రాయలవారు పిల్లుల్ని పెంచమని ఇచ్చి, వాటి పాలకి ఆవుల్ని కూడా ఇప్పిస్తారు. రామకృష్ణుడు మొదటి రోజే కాగే పాలు పెట్టి పిల్లి మూతి కాల్చేసి, ఆ తరవాత పాలన్నీ తనే తాగుతాడు. పరీక్ష నాటికి అందరి పిల్లులూ బొద్దుగా ఉంటే ఆయనది మాత్రం బక్కచిక్కి ఉందని కథలో చెప్తారు. అక్కడే నాకు నమ్మకం కుదరదు. ఊరి నిండా ఎలకలున్నప్పుడు పాలు మానేసిన పిల్లి చిక్కిపోవడమేమిటి? పెద్దయ్యాక చాలా పిల్లులకి పాలలోని లాక్టోజు అరిగే శక్తి తగ్గిపోతుంది. రాయలవారి ఆవుపాలు తాగిన మిగతా పిల్లుల్లో ఎన్నిటికి కడుపు చెడిందో కథ చెప్పిన వాళ్ళెవరూ అడగలేదు. పెరుగులో లాక్టోజు కొంత తగ్గుతుంది కాబట్టి పాలు పడని పిల్లికి కూడా పెరుగు పడొచ్చు. మన పెద్దవాళ్ళు పాలన్నం కంటే పెరుగన్నమే ఎక్కువ పెట్టడంలో ఆ పాటి అనుభవం ఉందనుకుంటాను.

ఇష్టంగా తింటోంది కదా

మాస్టారి పక్షాన ఇంకో బలమైన వాదన ఉంది. జంతువుకి తన ఒంటికి ఏది మంచిదో తెలుసట. మీ పిల్లి పెరుగన్నం గిన్నె నాకి మరీ తింటుంటే మీరెవరు కాదనడానికి?

పిల్లికి తీపి తెలీదు. నాలుక మీద తీపిని పట్టే గ్రాహకం తయారవడానికి కావలసిన జన్యువు పిల్లి జాతిలో పాడైపోయి ఉందని 2005లో అమెరికాలోని మోనెల్ కేంద్రం శాస్త్రవేత్తలు కనిపెట్టారు. అయినా ఐస్‌క్రీము గిన్నె నాకుతుంది, కోవా బిళ్ళ లాక్కుంటుంది. దాన్ని లాగేది పాల కొవ్వు. నెయ్యన్నం కూడా అంతే, అన్నం మీద ప్రేమ కాదు. కాబట్టి ఇష్టాన్ని సాక్ష్యంగా తెచ్చుకుంటే మనం చాలా దూరం పోలేం.

పెరుగన్నంతో చిక్కేమిటంటే దాని చెడు కంటికి కనిపించదు. కేలరీలకి లోటుండదు, అన్నం ఆ పని చేసేస్తుంది. పిల్లి సన్నబడదు, పైగా గుండ్రంగా కూడా అవుతుంది. కానీ పెద్ద పిల్లి తిండిలో తేమ తీసేసి చూస్తే కనీసం 26 శాతం మాంసకృత్తులుండాలని అమెరికా మేత ప్రమాణాలు చెప్తాయి. బియ్యంలో ఉండేది ఏడెనిమిది శాతం. టారీన్ అయితే ధాన్యాల్లో లేనే లేదు. మనుషులూ కుక్కలూ దాన్ని ఒంట్లోనే తయారుచేసుకోగలరు. పిల్లి చాలినంత చేసుకోలేదు. అది చాలకపోతే కంటిలో రెటీనా మెల్లగా చెడిపోతుంది, గుండె కండరం సాగి బలహీనపడుతుంది. ఇవి నెలలూ సంవత్సరాలూ పట్టే పనులు. పైగా పిల్లి తన ఇంట్లో చూపు తగ్గినా మీసాలతో, అలవాటుతో తిరిగేస్తుంది. సోఫా జరిపిన రోజున గానీ మనకి తెలీదు.

క్యారెట్, గుమ్మడికాయ ఉడకబెట్టి కలుపుతున్నాం కదా, విటమిన్ ఏ వస్తుంది కదా అని అడిగేవాళ్ళున్నారు. కూరగాయల్లోని బీటా కెరోటిన్‌ని విటమిన్ ఏగా మార్చుకోవడం పిల్లికి చేతకాదు. అది జంతువు ఒంట్లోంచే రావాలి. సరే అని రోజూ చికెన్ లివరు పెడితే విటమిన్ ఏ ఎక్కువైపోయి మెడ ఎముకలు అతుక్కుపోతాయి. ఉత్త చికెన్ ముక్కలే పెడితే కాల్షియం చాలదు. పిల్లి కూనలకైతే ఎముకలు విరిగేంత దాకా వెళ్తుంది.

పులుసు ముక్క కడిగి పెడితే

మన ఊళ్ళో అసలు ప్రశ్న పెరుగన్నం కాదు, చేప. వైజాగులో పిల్లికి చేప పెట్టొద్దంటే వినేవాడెవడు? నేనూ వినను. కానీ ఏ చేప, ఎలా అన్న దాని మీద నాకు పట్టుదలలున్నాయి.

మొదటిది పులుసు ముక్క. మన రెండో అంతస్తు ఆంటీ పులుసులోంచి తలకాయ తీసి, కుళాయి కింద శుభ్రంగా కడిగి పెడతారు. కారం పోతే చాలని ఆవిడ నమ్మకం. నా భయం కారం గురించి కాదు. ఉల్లిపాయ, వెల్లుల్లి పిల్లి రక్తంలో ఎర్రకణాల్ని చితక్కొడతాయి. ఈ విషయంలో పిల్లి కుక్క కన్నా కూడా సున్నితం. పచ్చిదైనా ఉడికిందైనా, ముద్దగా నూరినా పొడి చేసినా ఆ గుణం పోదు. కిలో బరువుకి ఐదు గ్రాముల ఉల్లిపాయ చాలు రక్తంలో మార్పు కనిపించడానికి. అంటే నాలుగు కిలోల పిల్లికి 20 గ్రాములు, చిన్న ఉల్లిపాయలో సగం. ఒక్క ముక్కలో అంత ఉండదు, నిజమే. కానీ వారానికి నాలుగు రోజులు పులుసు వండే ఇంట్లో అది పోగవుతుంది. ముక్కలోకి ఇంకిపోయిన రసాన్ని కుళాయి నీళ్ళు బయటికి తియ్యలేవు. చెయ్యవలసిన పని చాలా చిన్నది. అల్లం వెల్లుల్లి ముద్ద వెయ్యకముందే పిల్లి వాటా తీసి పక్కన ఉత్త నీళ్ళలో ఉడకబెట్టడం. ఉప్పు కూడా వద్దు.

రెండోది పచ్చి చేప. బంగారుతీగ లాంటి కొన్ని చేపల్లో బి1 విటమిన్‌ని విరగ్గొట్టే ఎంజైము ఉంటుంది. రోజూ పచ్చివే తిన్న పిల్లికి ఆ విటమిన్ కరువై మెడ కిందికి వాలిపోవడం, తూలి పడిపోవడం, ఫిట్లు రావడం జరుగుతాయి. ఉడికిస్తే ఆ ఎంజైము పోతుంది. ఫిషింగ్ హార్బరులో చేపలు కోసే ఒకావిడ కత్తిపీట చుట్టూ ఎప్పుడూ పిల్లులుంటాయి. "మీ ఇంటి పిల్లికి కూడా పచ్చివే పెడతావా?" అని అడిగాను. "మా ఇంట్లోదానికి ఉడకేసే పెడతామమ్మా. పచ్చివి అదే తెచ్చుకుంటది కదా, దొంగతనంగా" అంది.

కవళ్ళు (సార్డిన్ చేపలు) చవకని రోజూ అవే పెట్టే ఇళ్ళున్నాయి. నూనె చేపలు ఒక్కటే తింటూ పోతే విటమిన్ ఈ చాలక ఒంట్లో కొవ్వు వాచి, పిల్లిని ముట్టుకుంటే నొప్పితో అరుస్తుంది. వారానికి రెండుసార్లయితే నాకు అభ్యంతరం లేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం కదా, ఆ రోజుల్లో తాజా చేప ధర చూసి చాలామంది ఎండు నెత్తళ్ళకి మారిపోతారు. మనకి అవి రుచే. పిల్లికి ఆ ఉప్పు అనవసరం, ముసలిదైతే మరీను. పెట్టక తప్పకపోతే రాత్రంతా నానబెట్టి, నీళ్ళు రెండుసార్లు పారబోసి, అప్పుడు ఉడికించాలి. ఉడికించిన చేపలో ముళ్ళు తియ్యడానికి బద్ధకిస్తే మొత్తం శ్రమ వృథా. ఉడికిన ఎముక గట్టిపడి పెళుసుగా విరుగుతుంది, గొంతులో దిగుతుంది. చికెన్ ఎముకల సంగతీ అంతే, బిర్యానీ తిన్నాక టేబులు కింద పడేసేవి.

ప్యాకెట్టు మీద అనుమానాలు

ఇంతవరకు చదివి నేను ప్యాకెట్టు కంపెనీల తరఫున మాట్లాడుతున్నాననుకునేవాళ్ళకి ఇది. టారీన్ కొరత పిల్లుల గుండెని దెబ్బతీస్తుందని 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లో పాల్ పియన్ బృందం బయటపెట్టింది. ఆ జబ్బుపడిన పిల్లులు తిన్నది ఎవరింటి పెరుగన్నమో కాదు, పేరున్న కంపెనీల మేతే. 2007లో చైనా నుంచి వచ్చిన గోధుమ గ్లూటెన్‌లో మెలమిన్ అనే రసాయనం కలిసి, అమెరికాలో ఎన్నో పిల్లులూ కుక్కలూ మూత్రపిండాలు పాడై చచ్చిపోయాయి. డబ్బాల కొద్దీ మేత వెనక్కి తీసుకోవాల్సొచ్చింది. మాస్టారికి ఈ రెండూ తెలిసుంటే మీటింగులో నన్ను ఇంకా బాగా ఆడుకునేవారు.

అయినా నేను ప్యాకెట్టు వైపే మొగ్గుతాను, కారణం ఒక్కటే. 1987 తరవాత కంపెనీలు టారీన్ పెంచాయి, ఆ గుండెజబ్బు బాగా తగ్గిపోయింది. అన్ని పిల్లులు ఒకే మేత తిన్నాయి కాబట్టే తప్పు పట్టుబడింది, ఒక్కసారి దిద్దితే అందరికీ దిద్దినట్టయింది. నా వంటింట్లో జరిగే తప్పుని ఎవరు పట్టుకుంటారు? ఇక్కడున్నది ఒక్క పిల్లి. దాని కళ్ళు పోతే వయసైపోయిందనుకుంటాం. అదే డేవిస్‌లో 2019లో పుస్తకాల్లో, ఇంటర్‌నెట్‌లో దొరికే, పిల్లులకి వండిపెట్టే 114 వంటకాల్ని పోగేశారు. లెక్కగట్టడానికి సరిపడా వివరాలున్నవి 94. అందులో పెద్ద పిల్లికి కావలసిన పోషకాలన్నిటినీ పూర్తిగా ఇచ్చింది ఒక్కటీ లేదు. పశువైద్యులు రాసినవి కూడా! కొలతలు చూసి రాసినవాళ్ళకే కుదరనిది, కంటి చూపుతో వండే నాకు కుదురుతుందా?

కానీ పొడి మేత విషయంలో ఇంటి తిండి గెలిచే చోటు ఒకటుంది. అది నీళ్ళు. పిల్లుల పూర్వీకులు ఎడారి ప్రాంతాల అడవి పిల్లులు, దాహం వేసినా అంతగా గిన్నె దగ్గరికి పోని జాతి. ఎలకలో మూడింట రెండు వంతులు నీరైతే పొడి మేతలో పదో వంతే. మగపిల్లులకి మూత్రం ఆగిపోయే జబ్బు వస్తే గంటల్లో ప్రాణం మీదికొస్తుంది. ఇసుక పెట్టెలో కూర్చుని ముక్కుతోందంటే విరేచనం కాలేదనుకోకండి, పశువుల డాక్టరు దగ్గరికి పరిగెత్తండి. మే నెల ఉక్కపోతలో ఈ భయం నాకు ఎక్కువ. అందుకే మా ఇంట్లో పొడి మేతతో పాటు రోజూ ఒక పూట చేపో చికెనో ఉడికించిన నీళ్ళు, ఉప్పూ ఉల్లీ లేకుండా, నాలుగు ముక్కలతో. రోజు మొత్తం తిండిలో పదో వంతు దాటనివ్వను. పోషకాల కోసం కాదు ఆ గిన్నె, నీళ్ళు తాగించడానికి వేసిన ఎర.

మన సముద్రపు గాలికి పొడి మేత ప్యాకెట్టు విప్పి ఉంచితే రెండు వారాల్లో మెత్తబడి, నూనె చెడిన వాసనొస్తుంది. పెద్ద ప్యాకెట్టు చవకని కొనడం మన ఊళ్ళో తప్పుడు లెక్క. తడి తిండైతే గంట, రెండు గంటల్లో తీసెయ్యాలి. మెట్ల కింద పళ్ళెం గురించి వాసన గొడవ పెట్టినవాళ్ళ పక్షాన న్యాయం ఉన్నది ఇక్కడే.

ఒకే మేతకి పిల్లిని కట్టిపడెయ్యడం కూడా నాకు నచ్చదు. హుద్‌హుద్ తుఫాను వచ్చింది 2014 అక్టోబరు 12న. ఆ తరవాత కరెంటు లేక, కొట్లు తెరవక మనుషులకే పాలు దొరకని రోజుల్లో మా పాత వీధిలో ఒక పిల్లి, పుట్టినప్పటి నుంచి ఒకే రకం పొడి మేత తిన్నది, ఉడికించిన గుడ్డుని వాసన చూసి వెనక్కి పోయేది. కూనగా ఉన్నప్పుడే రెండు మూడు రకాలు అలవాటు చెయ్యాలి. పెద్దయ్యాక "ఆకలేస్తే అదే తింటుంది" అని మొండికెయ్యడం కుక్క దగ్గర చెల్లుతుందేమో గానీ పిల్లి దగ్గర ప్రమాదం. రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే, ముఖ్యంగా లావుగా ఉన్న పిల్లికి, ఒంట్లో కొవ్వంతా కాలేయంలోకి చేరి ప్రాణం తీస్తుంది. గాజువాకలో నా స్నేహితురాలు ఒకసారి అలాగే పంతం పట్టి, చివరికి పిల్లికి గొట్టంతో తిండి పెట్టించాల్సొచ్చింది.

వీధి పిల్లికి ఇదే లెక్కా?

కాదు. మా వాచ్‌మన్ తన క్యారేజీలోంచి రెండు ముద్దలు తీసి గేటు దగ్గర పిల్లికి పెడతాడు. చాలా బ్రాండ్లలో కిలో పొడి మేత ధర కిలో చికెన్ కంటే ఎక్కువ. అతనికి నేను టారీన్ పాఠం చెప్తే అంతకంటే సిగ్గుచేటు లేదు. ఆ పిల్లికి డ్రైనేజీలో ఎలకలున్నాయి, అతని ముద్ద దానికి పైపైన పడేదే, అచ్చం మాస్టారి అమ్మమ్మగారి పిల్లికి లాగే. ఉల్లిపాయ ఉన్న కూర వద్దు, ఎముకలు వద్దు, పక్కన నీళ్ళ గిన్నె ఒకటి పెట్టు. అతనితో నేను చెప్పింది అంతే. ఆ పిల్లికి తిండి కంటే ముందు కావలసింది పిల్లలు పుట్టకుండా ఆపరేషను. పెట్టే చెయ్యి ఉండి ఆపరేషను లేకపోతే వచ్చే ఏడాదికి గేటు దగ్గర ఐదు పిల్లులుంటాయి, అన్నిటికీ కలిపి రెండు ముద్దలే ఉంటాయి.

నాకు నిజంగా తెగనిది పన్నెండేళ్ళు దాటిన ఫ్లాటు పిల్లి సంగతి. ద్వారకానగర్‌లో తెలిసినవాళ్ళింట్లో అలాంటిది ఉంది. శాకాహారుల ఇల్లు. పెరుగన్నం, పాలు, అప్పుడప్పుడు పనమ్మాయి ఎవరూ చూడకుండా తెచ్చిపెట్టే చేప ముక్క. ఆ ముక్కే దాన్ని ఇన్నాళ్ళు నిలబెట్టిందని నా అనుమానం, ఇంటావిడకి చెప్పలేదు. ఇప్పుడు దాన్ని మార్చాలా? ఇంటావిడ చేప వండరు గానీ "ప్యాకెట్టులో ఉన్నది కనబడదు కదమ్మా, అదైతే పర్లేదు" అన్నారు. ఇడ్లీ రవ్వ డబ్బా పక్కన సముద్రపు చేప రుచి ప్యాకెట్టు పెట్టుకోవడానికి మడి అడ్డురాలేదు. ముందు రక్తపరీక్ష, కిడ్నీలు, కళ్ళు, గుండె చూపించమన్నాను. తరవాత పెరుగన్నంలోనే తడి మేత చెంచాతో కలుపుతూ, అన్నం తగ్గిస్తూ రావడం. నెల పట్టినా పట్టనివ్వాలి. అప్పటికీ మేత ముట్టకపోతే, ఉడికించిన గుడ్డులో కలిపే పోషకాల పొడి ఏది, ఎంత అన్నది డాక్టరునే అడగాలి, పచ్చి తెల్లసొన మాత్రం వెయ్యకూడదు. పెరుగు ఒక చెంచా మిగిలిపోతే మిగిలిపోనీ. ఈ వయసులో దాన్ని కూడా మాన్పించక్కర్లేదు.